ముందు చెయ్యి ఇటివ్వప్పా

ఈ ఉదయం డాక్టరుగారి క్లినిక్ బోర్డు మీది ట్యూబులైటు ఎండ వచ్చాక కూడా వెలుగుతూనే ఉంది. రోజూ తెల్లవారగానే ఆయనే వచ్చి ఆర్పేవారు. కాలేజీకి బయలుదేరుతూ దాన్ని చూశాను. ఏమీ అనుకోలేదు. నీళ్ళ సీసా మరిచిపోయానని ఇంట్లోకి వెనక్కి వస్తే, అమ్మ స్టవ్ కట్టేసి ఊరికే నిలబడి ఉంది.

"డాక్టరన్న పోయినాడంట. నిద్రలోనే," అంది.

నేను సీసా నింపుకున్నాను. మూత బిగించాను. ఆ తరువాత ఏం చేయాలో తెలియక మళ్ళీ విప్పాను.

రేపు పేపర్లలో ఆయనను మాజీ పార్లమెంటు సభ్యుడని రాస్తారు. నిజమే. మాకు మాత్రం ఎదురింటి డాక్టరు. దొడ్డబళ్ళాపురంలో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, బెంగుళూరులో చదివి, ఇక్కడే మా వీధిలో క్లినిక్ పెట్టారు. ఆయన ఊరి నేతగాళ్ళు దగ్గుకు మందు కోసం పొద్దున్నే బస్సెక్కి వచ్చేవారు. "రోగి చెప్పేది వినాల. చెప్పనిది తడిమి చూడాల," అనేవారు ఆయన.

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం కొళాయిల్లో మురికినీళ్ళు కలిసి వీధి వీధంతా వాంతులతో పడకేసింది. ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఎవరూ పట్టించుకోలేదు. "మందిచ్చేది నేను, నీళ్ళిచ్చేది వాళ్ళు. ఎన్నాళ్ళు ఇట్లా?" అని ఎన్నికల్లో నిలబడ్డారు. గెలిచారు. మా వీధికి కొత్త పైపులు వచ్చాయి. క్లినిక్ ముందుకు జనమూ వచ్చారు.

ఢిల్లీలో లేని రోజుల్లో పొద్దున పూట రోగులను చూసేవారు. రోగులు ముందు లోపలికి, అర్జీలవాళ్ళు తరువాత వరండాలోకి. అది ఆయన పెట్టుకున్న పద్ధతి. జనం దాన్ని తొందరగానే కనిపెట్టారు. కడుపునొప్పి అని లోపలికి వెళ్ళి, మంచమెక్కి పడుకున్నాక జేబులోంచి అర్జీ తీసేవారు. ఆయనకు కోపం వచ్చేది కాదు. "నొప్పి కడుపులో ఉండాదా, జేబులో ఉండాదా?" అని నవ్వేవారు. అలా నవ్వీ నవ్వీ చెయ్యి పట్టి చూడడం తగ్గింది.

నాన్న చిక్కపేటలో చీరల దుకాణంలో పనిచేసేవారు. ఎవరికి ఏ పని కావాలన్నా దుకాణంలోవాళ్ళు "మీ ఎదురింటి ఎంపీనే గదా" అని నాన్నను పంపేవారు. కాదనడం నాన్నకు చేతకాదు. ఇంకొకరి కాగితం పట్టుకొని చాలాసార్లు ఆ వరండాలో నిలబడ్డారు.

ఒక రోజు పొద్దున నేను యూనిఫారంలో నాన్న వేలు పట్టుకొని ఉన్నాను. డాక్టరుగారు విమానానికి టైమయిందని కారెక్కబోతున్నారు. చుట్టూ జనం.

"సార్, పొద్దున్నుంచి ఎదలో పట్టినట్టుండాది," అన్నారు నాన్న.

"ఈసారి నొప్పి ఎవరిదప్పా? ఓనరుదా, గుమాస్తాదా?"

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వారు. "వచ్చినాక చూస్తాములే," అని డాక్టరుగారు తలుపు వేసుకున్నారు. నాన్న నన్ను కాన్వెంటు గేటు దగ్గర దింపి దుకాణానికి వెళ్ళారు. మధ్యాహ్నం చీరలు మడతపెడుతూ, ఆ మడతల మీదే పడిపోయారట.

నాన్న పొద్దున ఆయన దగ్గరికి వెళ్ళిన సంగతి అమ్మకు తెలియదు. నేను చెప్పలేదు, నన్నెవరూ అడగలేదు. డాక్టరుగారు ఢిల్లీ నుంచి వచ్చి, మా గుమ్మం బయటే నిలబడి, బంధువులందరి ముందు చెప్పారు.

"అమ్మా, ఎద నొప్పని నా దగ్గరికి వచ్చినాడు. నేను చెయ్యి పట్టి చూడలేదు."

అమ్మ గుమ్మం దాకా వచ్చింది. "మీరు చెప్పకుంటే నాకు తెలిసేదే కాదు గదన్నా. ఏంటికి చెప్పినారు?"

"నీకు తెలియాల గదమ్మా."

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ లోక్‌సభ ఐదేళ్ళు నిలవలేదు. మళ్ళీ నిలబడమని పార్టీవాళ్ళు కార్లలో వచ్చారు. "సీటు వద్దనే మనిషిని ఇప్పుడే చూస్తుండాము సార్," అన్నారొకరు. "రెండు పనులూ వచ్చనుకొన్నాను. నాకు ఒకటే వస్తాది," అన్నారు ఆయన. సీటు ఇవ్వకపోతే ఇంట్లో కూర్చున్నాడని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆయన కాదనలేదు.

అప్పటినుంచి ఆయన గడప తొక్కిన ఎవరికైనా "ముందు చెయ్యి ఇటివ్వప్పా" అనేవారు. నాడి చూశాకే మాట. గ్యాస్ తెచ్చినవాణ్ణీ వదిలేవారు కాదు.

"నాకేమీ లేదు సార్. సిలిండరు యాడ పెట్టాల?"

"పెడుదువులే, ఉండప్పా."

వీధిలో నవ్వుకునేవారు. మా అమ్మ నవ్వేది కాదు. మాకు జ్వరం వస్తే బస్సెక్కించి వేరే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళేది. ఎదురుపడితే తల ఊపేది, అంతే. అమ్మ ఆయనను క్షమించిందా అని నేను చాలా ఏళ్ళు కనిపెట్టి చూశాను. అడిగే ధైర్యం ఎప్పుడూ రాలేదు.

ఈ మధ్యాహ్నం అమ్మా నేనూ వెళ్ళాం. ఆయనను క్లినిక్ గదిలోనే పడుకోబెట్టారు. అమ్మ వెళ్ళి ఆయన భార్య పక్కన కూర్చుంది. పార్టీవాళ్ళు పెద్ద దండలు తెచ్చారు. వాళ్ళలో ఒకాయన నన్ను, "మీరేమవుతారమ్మా?" అని అడిగాడు.

"ఎదురిల్లు," అన్నాను. ఏడుపు రాలేదు. ఇంకా ఏదో చెప్పాలనిపించింది, అదీ రాలేదు.

ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను. మా ఇంట్లో తెలుగు మాట్లాడతామే గాని చదవడం నాకు తప్ప ఎవరికీ రాదు. కాన్వెంటులో ఇంగ్లీషూ కన్నడమూ ఉండేవి. నాన్న పోయిన మరుసటి వేసవిలో, ఆదివారం పూట, డాక్టరుగారు నాకు తెలుగు అక్షరాలు దిద్దించారు. పలక కొనిచ్చి నన్ను ఆయన దగ్గరికి పంపింది అమ్మే.