ఓకేగారి ఫోను

మా వదినకి ఆఫీసులో మెయిలమ్మ అని పేరు. ఎవరు పెట్టారో తెలీదు గానీ, ఆవిడ వినేలా మాత్రం ఎవరూ అనరు. ఆవిడ సిస్టమ్స్‌లో పనిచేస్తుంది, నేను అదే కంపెనీలో కొనుగోళ్ల సెక్షన్లో. ఇంట్లో మేం వదినా ఆడపడుచులం. ఆఫీసులో నా కంప్యూటరు మొరాయిస్తే ఆవిడ దర్శనం కోసం నేనూ అందరితోపాటు పడిగాపులు కాయాల్సిందే. అక్కడ చుట్టరికం చెల్లదు.

కంపెనీ మెయిళ్లన్నీ సర్వరులో ఉంటాయి. ప్రతి ఉద్యోగి కంప్యూటరునీ, ఫోనునీ ఆ సర్వరుకి కలపడం మా వదిన పని. చిరునామా కొట్టాలి, పేరు కొట్టాలి, పాస్‌వర్డ్ కొట్టాలి. అంతా అయ్యాక మిగతావాళ్లలాగా "వచ్చేసిందండీ" అని వెళ్లిపోదు. అక్కడే నిలబడి "అందిందా?" అని ఒక మెయిలు పెడుతుంది. జవాబు తన ఫోనులో చూసుకునేదాకా కుర్చీ వెనకనుంచి కదలదు. డైరెక్టరుగారి వెనకైనా సరే, గేటు దగ్గర గుమాస్తా వెనకైనా సరే.

ఆవిడకున్న ఇంకో జబ్బు, తెరమీద ఏ చిన్న పెట్టె వచ్చినా అందులో రాసింది మొత్తం చదవడం. "చదవకుండా నొక్కకండి" అని ఎన్నిసార్లు అందో లెక్కలేదు. ఇంట్లో మా అన్నయ్య వాషింగ్ మెషిన్ బటన్ నొక్కబోయినా అదే మాట. పాపం అన్నయ్య చొక్కాలు చేత్తోనే ఉతుక్కుంటాడు.

మా ఆఫీసులో ఒక పద్ధతుంది. ఎవరైనా మానేసినా, పోయినా వాళ్ల మెయిలు పెట్టె మూసెయ్యరు. వాళ్ల కుర్చీలోకి వచ్చినవాళ్లకి ఆ పెట్టె కూడా అప్పజెబుతారు, అదే పాస్‌వర్డుతో. సప్లయర్లందరూ పాత చిరునామాకే రాస్తుంటారు కాబట్టి అదే సుఖమని. వదినకి ఈ పద్ధతి మొదట్నించీ గిట్టదు. "పోయినవాళ్ల పేరుతో బతికున్నవాళ్లు జవాబులివ్వడమేమిటి?" అని సణిగేది. సణిగితే వినేదెవరు?

అలా మిగిలిన పెట్టెల్లో ఓకేగారిది ఒకటి. ఆయన స్టోర్స్ చూసేవారు. ఏ మీటింగుకి పిలిచినా, ఏ పని చెప్పినా ఆయన దగ్గర్నుంచి వచ్చే జవాబు "ఓకే" ఒక్కటే, దాని కింద ఆయన పూర్తి పేరూ హోదా. పెళ్లి చేసుకోలేదు, అక్కగారితో కలిసి ఉండేవారు. కిందటేడు స్టోర్స్ మెట్లమీద కూలబడి, ఆస్పత్రికి చేరేలోపే పోయారు. ఆఫీసంతా వాళ్లింటికి వెళ్లాం. అక్కగారు బ్యాగూ ఐడీ కార్డూ తెచ్చి ఇచ్చేశారు. కంపెనీ కొనిచ్చిన ఫోను సంగతి అడిగితే, తెలీదన్నారు. ఆ గందరగోళంలో ఎక్కడో పడిపోయి ఉంటుందని అందరూ వదిలేశారు.

ఈ ఏడాది కంపెనీ కొత్త సర్వరు కొంది. అందరి ఫోన్లూ కంప్యూటర్లూ దానికి మార్చాలి. వదిన పాత సర్వరు చిరునామాతో వచ్చేవాళ్లని కూడా కొన్నాళ్లపాటు కొత్త సర్వరుకే పంపేలా దారి పెట్టింది, ఎవరూ ఇబ్బంది పడకూడదని. తర్వాత ఎవరి దగ్గరికీ వెళ్లకుండా ఒక్కసారే అన్ని పెట్టెలకీ "అందిందా?" అని పంపింది. "అందింది" అని జవాబులు కుప్పలుగా వచ్చాయి. వాటి మధ్యలో ఒకటి "ఓకే" అని వచ్చింది, కింద పూర్తి పేరూ హోదాతో.

కొత్త స్టోర్స్ ఆయన తమాషా చేశాడనుకుంది. నన్ను వెంటబెట్టుకుని కిందికి వెళ్లి అడిగింది.

"నేను కాదు మేడమ్," అన్నాడాయన. గొంతు తగ్గించాడు. "మీకు చెప్పాలా వద్దా అని చాన్నాళ్లనుంచి ఆలోచిస్తున్నా. నేను తెరిచేసరికే ఎవరో చదివేసి ఉంటారు. మీటింగులు కూడా నేను ఒప్పుకోకుండానే ఒప్పుకున్నట్టు ఉంటాయి."

అప్పుడు నాకు కాన్ఫరెన్స్ గది గుర్తొచ్చింది. ఆ తలుపు పక్కన చిన్న తెర ఉంటుంది, మీటింగుకి ఎవరెవరు వస్తున్నారో చూపిస్తుంది. ఓకేగారి పేరు ఏడాదిగా అందులో కనపడుతూనే ఉంది. పాతపేరు తీసెయ్యలేదు కాబోలనుకున్నాం అందరం. చెబితే నవ్వుతారు గానీ, ఆయన కూర్చునే కిటికీ పక్క కుర్చీలో ఎవరూ కూర్చునేవాళ్లం కాదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. గది నిండిపోయి గోడకి ఆనుకుని నిలబడ్డా, ఆ కుర్చీ మాత్రం ఖాళీగానే ఉండేది.

వదిన అలాంటివి నమ్మే మనిషి కాదు. పాస్‌వర్డు తెలిసిన ఎవడో ఆకతాయి పనంది. ఆ మధ్యాహ్నం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఓకేగారి పెట్టెకి ఇంకో మెయిలు పెట్టింది, "ఎవరు మీరు?" అని. కాసేపు ఏమీ రాలేదు. కాఫీ తెచ్చుకున్నాం. కప్పు సగంలో ఉండగా జవాబు వచ్చింది.

"థాంక్యూ" అని.

వదిన కప్పు బల్లమీద పెట్టబోయి కీబోర్డుమీద పెట్టింది.

విషయం సిస్టమ్స్ మేనేజరుదాకా వెళ్లింది. ఆయన విమానం ఎక్కే హడావుడిలో ఉన్నాడు. "దొరకని ఫోనేదో మన మెయిల్లో తిరుగుతోందన్నమాట. తుడిచెయ్యమ్మా" అని ఫోను పెట్టేశాడు. తుడిచెయ్యడమంటే మెయిలొక్కటే కాదు. సర్వరునుంచి ఆజ్ఞ వెళ్తే ఆ ఫోనులో ఉన్నవన్నీ, ఫొటోలూ నంబర్లూ మాటలూ, కొన్న రోజు ఎలా ఉందో అలా ఖాళీ అయిపోతాయి.

వదిన ఆ పేజీ తెరిచింది. బటన్ నొక్కింది. ఖాయమేనా అని అడుగుతూ చిన్న పెట్టె వచ్చింది. దాన్ని చదవకుండా నొక్కేసింది. అందరికీ నీతులు చెప్పే మనిషి, భయపడి చదవకుండా నొక్కేసింది.

ఫోను అప్పుడు నెట్‌లో లేదు. "ఈసారి కలిసినప్పుడు తుడిచివేయబడును" అని తెరమీద వచ్చింది. ఆ వాక్యం పక్కనే ఆ ఫోనుకి దాని యజమాని పెట్టుకున్న పేరు ఉంది. వదిన అప్పుడు చదివింది.

"అమ్మడూ, ఇది చూడు."

అక్క కొలతలు. అదీ దాని పేరు.

"కొలతలేమిటి వదినా?"

"వాళ్లక్క టైలరు కదే. కుట్టుమిషను పక్కనే కూర్చుని ఉంది కదా మనం వెళ్లినప్పుడు." వదిన వేలు తెరమీద ఆ పేరు దగ్గరే ఉంది. "ఆ ఫోను ఆవిడ దగ్గరుంది. ఆయనవేవో అందులో ఉన్నాయి. లేకపోతే లేదని ఎందుకంటుంది?"

ఆజ్ఞ వెనక్కి తీసుకునే అధికారం మేనేజరుకే ఉంది. ఆయన ఫోను ఆకాశంలో ఉంది. ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆ ఫోను సర్వరుకి కలిసేలోపు మనమే వెళ్లి, అందులోంచి మెయిలు తీసెయ్యాలి. ఆటో ఎక్కాం. దారంతా వదిన మేనేజరు నంబరు నొక్కుతూనే ఉంది. నాకు మాత్రం మండిపోతోంది, మేనేజరుమీదా, చదవని ఈ మహాతల్లిమీదా.

వాళ్ల వీధి ఇరుకు. ఇల్లు చివర్లో. ముందుగదిలోనే కుట్టుపని. తలుపు ఓరగా వేసి ఉంది. వదిన తట్టబోతూ చెయ్యి గాల్లోనే ఆపేసింది.

లోపల ఓకేగారు మాట్లాడుతున్నారు.

"నడుము... ముప్ఫై నాలుగు." కాస్త ఆగి, గుక్క తిప్పుకుని, "భుజం... పధ్నాలుగున్నర. మెడ వెనక కొంచెం దించమంటున్నారక్కా."

అదే గొంతు. స్టోర్స్‌లో సామాను లెక్క చెప్పే అదే నిదానం. పట్టపగలు, ఎదురింటి మేడమీద ఎవరో బట్టలు ఆరేస్తున్నారు, అయినా నేను వదిన భుజం గట్టిగా పట్టుకున్నాను. గొంతు ఆగింది. కత్తెర గుడ్డలో నడిచిన చప్పుడు వినిపించింది.

"ఉంది," అంది వదిన గుసగుసగా. "ఇంకా పోలేదు."

అక్కగారు మమ్మల్ని గొంతు బట్టి గుర్తుపట్టలేదు, చూసి అసలే గుర్తుపట్టలేదు. ఆవిడ కళ్లు బాగా మందగించాయి. ఆఫీసునుంచి అనగానే చేతిలో కత్తెర ఆగింది. బల్లమీద ఫోను పెట్టి ఉంది.

"ఫోను కోసమా?" అంది. "లేదని అబద్ధం చెప్పానమ్మా. తీసుకుపోతారని. వాడు నా కళ్లు. వచ్చినవాళ్లకి కొలతలు తీసి, ఇందులో చెప్పి పెట్టేవాడు. నేను వింటూ కత్తిరించుకునేదాన్ని. పాతవాళ్లు మళ్లీ వస్తే ఇప్పటికీ అవే కొలతలు. ఒళ్లొచ్చిందండీ అంటారు, ఓ రెండు వేళ్లు వదులు పెడతాను. వాడి మాట మాత్రం మార్చను."

"తీసుకుపోవడానికి రాలేదండీ," అన్నాను నేను.

"మరి మీ మెయిళ్లకి జవాబులు సరిగ్గా వెళ్లడం లేదా?" ఆవిడ ఆదుర్దాగా అడిగింది. "అది మోగుతుంది. కింద నీలంగా ముక్కలు కనపడతాయి, ఏదో ఒకటి నొక్కుతాను. వాడు ఎవరినీ ఎదురుచూడనిచ్చేవాడు కాదు. జవాబు లేకపోతే వాణ్ని ఏమనుకుంటారు?"

ఏడాదిపాటు మా మీటింగులకి ఒప్పుకుంటూ వచ్చింది ఈవిడన్నమాట. "థాంక్యూ" కూడా ఫోను తనంతట తాను చూపించిన జవాబు ముక్కే. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వదిన నోరు తెరిచింది. "అమ్మా, ఆ ఫోను ఒకసారి..." అని ఆగిపోయింది. మీ తమ్ముడి గొంతు చెరిపెయ్యమని నేనే ఆజ్ఞ పంపానని ఎలా చెప్పాలో ఆవిడకి తెలియలేదు.

"ఉండమ్మా, ఇస్తాను. కత్తిరించేటప్పుడు ఎవరూ ఫోన్ చెయ్యకుండా విమానం బొమ్మ నొక్కమన్నాడు. అయిపోయాక మళ్లీ నొక్కమన్నాడు," అంటూ ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుంది. కత్తిరించడం ఆపింది కదా, అలవాటుగా ఆ బొమ్మమీదికి వేలు వెళ్లింది.

"వద్దు!" అని వదిన బల్లమీదికి ఉరికింది.

ఫోను చిన్నగా మోగింది. మెయిలు వచ్చిన మోత. తర్వాత తెర నల్లబడింది. మళ్లీ తెల్లగా వెలిగి, భాష ఎంచుకోమంది.

అక్కగారు ఫోనుని చెవి దగ్గర పెట్టుకుంది. కదిపింది. మళ్లీ పెట్టుకుంది. "ఏమిటమ్మా ఇది, పలకడం లేదు?"

వదిన అప్పుడు చెప్పింది. ఏడుస్తూ, దాచకుండా, నొక్కింది తనేనని, చదవకుండా నొక్కానని చెప్పింది. ఇక తిరిగి రావని కూడా చెప్పింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. అక్కగారు బల్లమీద సగం కత్తిరించిన గుడ్డని చేత్తో తడుముతూ కూర్చుంది.

"దీనికి చేతి పొడుగు ఇంకా వినలేదు," అంది చివరికి.

వదిన ఆ మర్నాటినుంచి ఆఫీసయ్యాక వాళ్లింటికి వెళ్లడం మొదలుపెట్టింది. కొత్త ఫోను కొనిస్తానంటే ఆవిడ వద్దంది. రికార్డు చేసి పెడతానన్నా వద్దంది. "ఇక ఫోనులో పెట్టకు. నువ్వే ఉండి చెప్పు." కొలతలివ్వడానికి మనుషులు సాయంత్రాలు వస్తారు, వదిన టేపు పట్టి కొలిచి చెబుతుంది, ఆవిడ కత్తిరిస్తుంది. మొదట్లో ఆవిడ సరిదిద్దేదట. అంత గబగబా వద్దు. ముందు పేరు, ఆగి అప్పుడు అంకె. గుక్క తిప్పుకో. గొంతు కాస్త కిందికి పెట్టు.

మా అన్నయ్యే ముందు పసిగట్టాడు. "మీ వదిన వంటింట్లో ఎవరితో మాట్లాడుతోందే?" అని అడిగాడు. వెళ్లి విన్నాను. కూరలు తరుగుతూ అంకెలు చెప్పుకుంటోంది, నిదానంగా, మధ్యలో ఆగుతూ. నన్ను చూసి ఆపేసింది. "సాధన చేస్తున్నా," అంది. నవ్వలేదు.

నిన్న సాయంత్రం వాన పడుతోందని గొడుగు పట్టుకుని నేనే వదినని తీసుకురావడానికి వెళ్లాను. నాకంటే ఒక అడుగు ముందు వదిన గుమ్మం ఎక్కింది. ఆఫీసులో ఆలస్యమై, తను కూడా అప్పుడే వచ్చింది. లోపల మిషను ఆగింది. అక్కగారు తల ఎత్తకుండానే అడిగింది.

"ఇంత ఆలస్యమైందేంరా? ఆఫీసులో పని ఎక్కువైందా?"

నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. సరిదిద్దుతుందనుకున్నాను. నేనండీ అంటుందనుకున్నాను. మా వదిన చెప్పులు విప్పి, మేకుకి వేలాడుతున్న టేపు తీసి మెడలో వేసుకుంది.

"కొంచెం లేటయిందక్కా," అంది. ఆ గొంతు మా వదినది కాదు.