కలుపత్త ఏం చెప్పి పంపేది

కలుపత్త పీకిన ప్రతి కలుపుమొక్కకీ ఏదో చెప్పి పంపుతుందని ఆ వీధుల్లో పేరు.

కొత్తగా ఇల్లు కొనుక్కుని వచ్చినవాళ్ళు "చెప్పి పంపడమేమిటి?" అని అడిగేవాళ్ళు. పాతవాళ్ళు మాటతో ఊరుకోకుండా చేసి చూపించేవాళ్ళు. చేతిలో లేని గడ్డిపోచని రెండు వేళ్ళతో పట్టుకుని, నోటి దగ్గరికి తెచ్చుకుని, పెదవులు కదిపి, బుట్టలో వేసినట్టు చెయ్యి విదిలించేవాళ్ళు. "ఇదిగో, ఇలా. మళ్ళీ రా తల్లీ, నాకు పని కావాలి అంటుందన్నమాట. అది బుద్ధిగా తిరిగొస్తుంది." అందరూ నవ్వేవాళ్ళు. నవ్వుతూనే ఎవరి పూలమడి వైపు వాళ్ళు ఒకసారి తిరిగి చూసుకునేవాళ్ళు.

నోటి దగ్గర పెట్టుకోవడం మాత్రం నిజమే. చూసినవాళ్ళు లేనిది చెప్పలేదు.

ఊరి చివర కట్టిన ఇళ్ళు అవి. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ప్రతి ఇంటి ముందూ గేటు నుంచి ముందుగది కిటికీ దాకా గోడ వెంట పూలమడి, మడికి సరిగ్గా నడుమ ఒక కుళాయి. ఇళ్ళలో తేడా లేదు కాబట్టి మనుషులు మడుల్లో పోటీపడేవాళ్ళు. ఒకరింట గులాబీ విరగబూస్తే పక్కింట్లో ఆ పూట అన్నం సహించదు. మొక్కలు కొని నాటడం అందరికీ సరదాయే. వంగి కలుపు తియ్యాలంటే మాత్రం ఎవరికీ నడుము లేదు. అలా కలుపుతీసే ఆమె ఆ వీధులన్నిటికీ అత్త అయింది.

అంతకుముందు ఆమె మొక్కలమ్మే తోటలో కుండీల దగ్గర పని చేసేది. భర్త పోయాడు, ఆ తర్వాత తోటా అమ్ముడైపోయింది. ఒక బుట్ట, ఒక గోనెపట్టా, పిడి అరిగిన తవ్వుకోల పట్టుకుని ఈ వీధుల్లోకొచ్చి, కొడుకుని పెంచి పెద్ద చేసింది. మందు కొట్టేది కాదు, పారతో పైపైన చెక్కేది కాదు. ముందు మడి తడిపి నీళ్ళు ఇంకేదాకా ఆగేది. తర్వాత గోనెపట్టా మడిచి మోకాళ్ళ కింద వేసుకుని, రెండు వేళ్ళూ కాడ వెంట మట్టిలోకి దించి మెల్లగా లాగేది. వేరు మొత్తంగా రాబోతుంటే చేతికి వదులుగా తెలుస్తుంది. తెగబోతుంటే బిగువుగా తెలుస్తుంది. బిగువు తగలగానే చెయ్యి ఆపి, పక్క మట్టి కదిలించి, మళ్ళీ పట్టాలి.

తుంగగడ్డి దగ్గర ఆ ఓపిక రెండింతలు కావాలి. పోచ లాగితే పోచే వస్తుంది, గడ్డ కిందే ఉండిపోతుంది. ఆ గడ్డ నుంచి దారం లాంటి వేరు ఇంకో గడ్డకి, అక్కణ్ణించి మరో దానికి పాకుతుంది. ఒక్కటి మిగిలినా కొద్ది రోజుల్లో మడినిండా పచ్చటి సూదులు లేస్తాయి. కలుపత్త ఆ దారాన్ని మట్టిలోనే తడుముకుంటూ చివరి గడ్డ దాకా వెళ్ళేది. కళ్ళతో పనే ఉండేది కాదు. దారిన పోయేవాళ్ళని పలకరిస్తూ, వాళ్ళ పిల్లల జలుబులు కనుక్కుంటూ, తలెత్తే ఉండేది.

ఒక చలికాలం ఆ వేళ్ళకి తిమ్మిరి పట్టింది. అది మళ్ళీ వదల్లేదు.

ఆస్పత్రిలో డాక్టరు సూదిమొనతో ఒక్కో వేలూ గుచ్చుతూ "తెలుస్తోందా?" అని అడిగాడు. ఆమె అతని చేతినే చూస్తూ, గుచ్చినప్పుడల్లా "ఆఁ" అంది.

"కళ్ళు మూసుకోమ్మా," అన్నాడతను.

మూసుకున్నాక ఆమెకి అనడానికేమీ లేకపోయింది.

"షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయి. ఉన్నది కాపాడుకో. పోయింది రాదు," అన్నాడు. ఆమె తల ఊపి, చేతులు కొంగులో చుట్టుకుని ఇంటికొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. వేళ్ళకి స్పర్శ లేని మనిషిని కలుపు తియ్యడానికి ఎవరు పిలుస్తారు? కొడుకుది సరుకులు చేరవేసే వాను. పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. రెండు గదుల ఇల్లు. పనికి పోయొచ్చే అత్త వేరు, మూల కూర్చున్న అత్త వేరు. తన అత్త మూల కూర్చున్న రోజుల్లో ఆ గదిలో గిన్నెల చప్పుడు ఎంత పెద్దగా ఉండేదో ఆమె మర్చిపోలేదు. ఆ గిన్నెలు అప్పుడు తన చేతిలోనే ఉండేవి.

కొన్నాళ్ళు గుడ్డిగా లాగింది. సగం వేర్లు తెగాయి. ఎవరైనా పట్టుకుంటారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ ఉండేది. అలాంటప్పుడు ఒకరోజు, తుంగ చేతిలో ఉండగానే మూతి మీద చెమట తుడుచుకోబోతే, వేరు చివర పెదవికి తగిలింది. మొద్దుగా, గరుగ్గా తగిలింది. తెగిన చివర. ఇంకొకటి తీసి ఈసారి కావాలనే ఆనించుకుంది. గడ్డ కింది వేరు సన్నగా మొన తేలి ఉంది. మొత్తంగా వచ్చిన వేరు. మట్టి అంటుకున్నాక కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి. పెదవికి కాదు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి పోతూ దారంతా తనలో తను నవ్వుకుంది.

అప్పట్నుంచీ అదే పద్ధతి. లాగడం, పెదవికి ఆనించడం, తెగిందని తెలిస్తే తవ్వుకోలతో గడ్డ దొరికేదాకా తవ్వడం. పని శుభ్రంగా వచ్చేది గానీ బాగా నెమ్మదించింది. అందుకని కోడల్ని వెంట తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

కోడలు చెడ్డది కాదు. చంటిపాపని పక్కింట్లో పడుకోబెట్టి వచ్చేది కాబట్టి ధ్యాసంతా అక్కడే. చేతులు ఇక్కడ, చెవులు ఇంటి దగ్గర. పోచలు పుటుక్కు పుటుక్కుమనిపించి, పైన మట్టి చదును చేసేసేది. చూడ్డానికి దువ్విన తలలా ఉండేది ఆమె చేసిన మడి.

ఒకనాడు చామంతుల కింద గాజుపెంకు ఉంది. కలుపత్త వేలు తెగింది. ఆమె పని చేసుకుపోతూనే ఉంది. ఆకుల మీద నెత్తురు చూసి కోడలు కెవ్వుమంది. "అత్తయ్యా! చెయ్యి చూసుకున్నారా?"

కలుపత్త చెయ్యి చూసుకుంది. ఇక దాచి లాభం లేదని అన్నీ చెప్పేసింది. డాక్టరు మాటా, పెదవి సంగతీ.

"ఎవరి దగ్గరా అనకమ్మాయ్. అబ్బాయి దగ్గర కూడా. ఈ పని పోతే నేను బతికుండీ లేనట్టే."

"నేనెందుకంటాను అత్తయ్యా," అంది కోడలు, తువ్వాలు అంచు చింపి వేలికి కట్టు కడుతూ. "నా నోట్లోంచి రాదు."

రాలేదు కూడా.

ఈ లోపు వీధిలో మాట పుట్టనే పుట్టింది. పుట్టించింది మూలింటావిడ. ఆ వీధి మొత్తానికి పెద్ద మడి ఆవిడదే. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, కింద మడిలో కలుపత్త పని చేస్తుంటే కాఫీ తాగుతూ చూసేది. కంచె కత్తిరించే కత్తెరాయనతో మొదట అన్నదీ ఆవిడే. అతని నోట పడ్డాక మాట గుమ్మం గుమ్మం తిరిగింది.

ఒకరోజు అతను కత్తెర భుజాన వేసుకుని కలుపత్త పక్కన ఆగాడు.

"అత్తా, నీ మహిమ విన్నాను. మా ఇంటికొకసారి రా. మా బావమరిది వచ్చి రెండు నెలలైంది. వాడికో మాట చెప్పి పంపు."

"వాడు గడ్డితో సమానమా?"

"గడ్డి నయం, పీకితే వస్తుంది. వీడు మంచం వదలడు. కానీ అత్తా, నువ్వు చెప్పి పంపినవన్నీ తిరిగొస్తాయంట కదా. వద్దులే, వీడు ఉన్నచోటే ఉండనీ."

కలుపత్త నవ్వింది. నవ్వుతూనే చేతులు మట్టిలోకి దూర్చేసింది, అతనికి కనపడకుండా. మాయలమారి అనుకుంటే అనుకోనీ, చేతకానిది అనుకోకపోతే చాలనుకుంది.

ఆ వారమే మూలింటి మడికి పిలుపొచ్చింది. చేతులు చాలక మధ్యలో కొన్నాళ్ళు వదిలేసిన మడి. తుంగ మోకాలెత్తున లేచింది. అత్తాకోడళ్ళు పంచుకున్నారు. గేటు నుంచి కుళాయి దాకా కోడలు, కుళాయి నుంచి కిటికీ దాకా అత్త. ఎండ నడినెత్తికి రాకముందే కోడలి సగం అయిపోయింది.

"గడ్డలు వచ్చాయా అమ్మాయ్? బుట్టలో కనపడ్డం లేదు."

"వచ్చాయిలెండి అత్తయ్యా. పాప లేచే వేళయింది, నేను పోతున్నా. మీరు నిదానంగా రండి."

కలుపత్త సాయంత్రం దాకా ఉంది. తన సగంలో ఒక్కో పోచా పెదవికి ఆనించుకుంటూ, తవ్వుకుంటూ. కోడలి సగం కూడా ఓసారి చూడాలనుకుంది గానీ మోకాళ్ళు లేవనివ్వలేదు. కిటికీలోంచి మూలింటావిడ చూస్తూనే ఉంది.

పది రోజులు గడిచాయో లేదో, వాళ్ళిద్దరూ పక్కింటి మడిలో ఉండగా మూలింటావిడ గేటు తోసుకుని వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. దాన్ని కలుపత్త ముందు బోర్లించింది. గుప్పెడు లేత తుంగపోచలు.

"ఏమిటిది కలుపత్తా? నా మడినిండా ఇదే. ఇందుకేనా నోటి దగ్గర పెట్టుకుని గొణిగావు?"

పక్కింటివాళ్ళు గుమ్మంలోకొచ్చారు. రోడ్డు మీద కత్తెర చప్పుడు ఆగింది.

కలుపత్త ఆ పోచల వంక చూసింది. పెదవి కూడా మోసం చేసిందా? ఇన్నాళ్ళూ మొన తేలి ఉందనుకున్నదంతా తన భ్రమేనా? ఎక్కడ లేచింది అమ్మగారూ అని అడగాలనిపించింది. అడిగితే కిటికీ కిందే అంటుందేమోనని భయమేసింది. ఆ మాట వినే కంటే గొణిగానని ఒప్పుకోవడమే తేలిక.

"మాట్లాడవేం? నువ్వు చెప్పమ్మాయ్," అని మూలింటావిడ కోడలి వైపు తిరిగింది. "రోజూ పక్కనే ఉంటావు. మీ అత్త దానికి ఏం చెప్తుంది?"

కలుపత్త తల తిప్పి కోడలి కళ్ళలోకి చూసింది. చెప్పెయ్యమ్మా అన్నట్టే చూసింది. దాచినన్నాళ్ళు దాచింది. పని ఎలాగూ పోయేటట్టుంది, ఇప్పుడిక మాయలమారిగా వెళ్ళిపోవడం కంటే జబ్బుమనిషిగా వెళ్ళడమే మేలనిపించింది. తన నోటితో తను చెప్తే ఎవరూ నమ్మరు. కోడలు చెప్తే నమ్ముతారు.

కోడలు గోనెపట్టా దులిపింది. మడిచింది. మళ్ళీ విప్పింది.

"ఏమో అమ్మగారూ," అంది. "పెద్దవాళ్ళు. ఆవిడ అలవాట్లు నాకేం తెలుస్తాయి?"

గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"నీ పని బాగుంటుంది, చకచకా చేస్తావు," అంది మూలింటావిడ. "ఇకనుంచి నువ్వొక్కదానివే రా. ఆవిడ వద్దు."

ఇంటి సందు మొదట్లో కలుపత్త ఆగింది.

"చెప్పకపోయావా అమ్మాయ్."

"మీరే కదా అత్తయ్యా ఎవరి దగ్గరా అనొద్దన్నారు." కోడలు ఆగకుండా నడుస్తూనే అంది. "ఆ ఇల్లు కూడా పోతే మనకేం మిగుల్తుంది?"

ఆ మాటలో తప్పుపట్టడానికేమీ లేదు. అదే ఎక్కువ బాధించింది.

మూలింటావిడ వద్దన్నాక మిగతా ఇళ్ళవాళ్ళూ ఒక్కొక్కరే మొహం చాటేశారు. కోడల్ని పిలిచారు, అత్తని మానిపించారు. తవ్వుకోల తలుపు వెనక చేరింది. కోడలికి దాంతో పని పడలేదు. కలుపత్త పాపని ఆడించేది, పొయ్యి చూసేది. గిన్నె కాలుతోందో లేదో మోచేత్తో తాకి తెలుసుకునేది. కొడుకు మాత్రం "మంచి పని చేశావమ్మా, ఇన్నాళ్ళకి సుఖపడుతున్నావు" అన్నాడు. ఆమె "ఊఁ" అంది. కోడలు గిన్నెల చప్పుడేమీ చెయ్యలేదు. అలసిపోయి వచ్చి, తిని, పడుకునేది. ఒకటి రెండుసార్లు అన్నం తింటూ, "మూలింట్లో పని ఇప్పుడు ఇట్టే అయిపోతోంది అత్తయ్యా, సగం పూట కూడా పట్టదు," అంది. కలుపత్త తన వేళ్ళ వంక చూసుకుంది. వయసులో ఉంది, చెయ్యి చురుకు అనుకుంది.

ఒక మధ్యాహ్నం పాప ఏడుపు మానకపోతే చంకనేసుకుని నడక మొదలుపెట్టింది. కాళ్ళు అలవాటు కొద్దీ ఆ వీధిలోకే తీసుకెళ్ళాయి. ఒకావిడ ఆమెని చూసి పక్కావిడ చెవిలో ఏదో అంది. ఆ పక్కావిడ రెండు వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని చూపించింది. కలుపత్త చూడనట్టు నడిచింది.

మూలింటి దగ్గర పాప ఏడుపు ఆపింది. గేటు ఊచలు పట్టుకుని లోపలికి వేలు చూపించింది. కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. కలుపత్త ఊచల మధ్య నుంచి చూసింది.

గేటు నుంచి కుళాయి దాకా, కోడలు చేసిన సగంలో, తుంగ మళ్ళీ సూదుల్లా లేచింది. కుళాయి నుంచి కిటికీ దాకా, ఆమె ఒక్కో పోచా పెదవికి ఆనించి తీసిన సగంలో, ఒక్క మొలక కూడా లేదు.