డొంకను మింగిన గీత

మొన్న ఒంగోలులో ఒక పాత ప్రింటు షాపు ముందు నుంచి నడిచి వెళ్తుంటే అమోనియా వాసన గుప్పున ముక్కుకి తగిలింది. ఈ రోజుల్లో ఇంకా నీలం ప్రింట్లు తీసేవాళ్ళున్నారా అని ఆగిపోయాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. షాపతను నన్ను చూసి, "ఘాటు ఎక్కువ సార్, కాస్త అవతలికి జరగండి" అన్నాడు. ఘాటుకి కాదయ్యా అనబోయి ఊరుకున్నాను. సామ్రాజ్యం గారి చీరకొంగులో ఎప్పుడూ ఉండే వాసన అది. ముప్పై ఏళ్ళు సర్వే ఆఫీసులో గ్రామ పటాలు గీసి, ప్రింట్లు తీయించి, రిటైరయ్యాక కూడా ఆవిడ్ని ఆ వాసన వదల్లేదు.

ఆవిడ మీకెవరికీ తెలిసి ఉండరు. పేపర్లో ఫొటో పడిన మనిషి కాదు. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, ఒంగోలులో ఒక పురుగుమందుల కొట్టు పైన రెండు గదులు అద్దెకు తీసుకుని, మూడు కంప్యూటర్లు పెట్టుకుని కూర్చున్నారు. పల్లెటూళ్ళ పొలం పటాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాలని, అది కూడా ఏ రైతైనా డబ్బు పెట్టి కొనక్కర్లేని సాఫ్ట్‌వేర్లో ఎక్కాలని ఆవిడ పట్టు. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. వినుకొండ దగ్గర మిరప పండించే ఇంట్లో పుట్టి, హైదరాబాదులో పటాల సాఫ్ట్‌వేరు అమ్మే కంపెనీలో మూడేళ్ళు చేసి, మేనేజరుతో గొడవపడి వచ్చేసినవాణ్ణి. ముక్కు మీద కోపం. ఉద్యోగం అడగడానికి వెళ్తే ఆవిడ నా సర్టిఫికెట్ల వంక కూడా చూడకుండా, పొలాలు కొలిచే ఇనప గొలుసు ఒకటి నా భుజాన వేసి, అద్దంకి అవతల ఒక ఊరికి బస్సెక్కించారు.

మే నెల. మిరప పీకేసిన చేలు నెర్రెలు విచ్చి ఉన్నాయి. గొలుసు రెండో కొస ఆవిడ పట్టుకుని నన్ను పొలం చుట్టూ తిప్పారు. నాలుగో సరిహద్దు రాయి దగ్గరికొచ్చేసరికి నేను చతికిలబడ్డాను. "ఏవయ్యా శీనూ, ఎండకి కరిగిపోతావా ఏంది? లే, లే. రైతు దీన్లో పొద్దస్తమానం ఉంటాడు" అన్నారు. బయల్దేరిన రాయి దగ్గరికే తిరిగొచ్చాం. ఆ కొలతలన్నీ కాగితం మీద గీశారు. చివరి గీత మొదటి గీతతో కలవలేదు, నేల మీద లెక్కేస్తే బారెడు తేడా. "ఎంత జాగ్రత్తగా కొలిచినా ఈ తేడా వస్తుంది. దీన్ని ఎట్టా కలపాలో అదే మా విద్యంతా. నువ్వు కంప్యూటరుకి అది నేర్పాలి" అన్నారు. సరేనన్నాను. ఉద్యోగం అయిందో లేదో కూడా చెప్పలేదు. సాయంత్రం బస్సులో నా టికెట్టు కూడా ఆవిడే తీశారు, దాంతో అర్థమైంది.

మేం రాస్తున్నది విడి సాఫ్ట్‌వేరు కాదు. అప్పటికే పటాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేరు ఒకటి ఉంది. ఏ కంపెనీదీ కాదు, నానా దేశాలవాళ్ళు తలో చెయ్యీ వేసి రాసేది. లోపలి కోడు ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, మార్చింది తిరిగి అందరికీ ఇవ్వొచ్చు. దానికి మన పొలం కొలతలు చదివే ముక్క ఒకటి మేం తగిలిస్తున్నాం. ఇలాంటి వాటికి అండగా, లాభం చూసుకోని సంస్థ ఒకటి విదేశంలో ఉంది. సర్వర్లు వాళ్ళే నడుపుతారు, సాఫ్ట్‌వేరు పేరును ఎవడూ కాజేయకుండా కాపాడతారు, కేసులొస్తే వకీలును పెడతారు. అయితే ఒక కొత్త ముక్కను లోపలికి తీసుకునే ముందు ప్రతి ఫైలూ చదివి, ఇది ఎవరు రాశారు, ఎక్కడి నుంచి వచ్చింది అని అడుగుతారు. నాకది చాదస్తంగా తోచింది. సామ్రాజ్యం గారికి మాత్రం తెగ నచ్చింది. "సరిహద్దు రాయి ఎవరు పాతారో రికార్డు లేకపోతే కోర్టులో దాన్ని రాయనరు శీనూ, గులకరాయంటారు. వీళ్ళు మనవాళ్ళేనయ్యా" అన్నారు.

ఆరేళ్ళ కష్టం అక్కడికి చేరుతోందంటే ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఇందులోని ప్రతి అక్షరం మాదే, ఎక్కడా ఎత్తుకొచ్చింది లేదు అని ఒక కాగితం మీద సంతకం చేసి పంపాలి. ఆవిడ పెన్ను తీసి, నా ఎదురుగానే చేశారు. నేను చూస్తూ కూర్చున్నాను. చెప్పాల్సింది అప్పుడే. తేడా కలిపే ఫైలు నాది కాదు. పాత కంపెనీ నుంచి వచ్చేటప్పుడు ఒక సీడీలో తెచ్చుకున్నది. లెక్క తెగక, విసుగొచ్చి, కోడులో నాలుగు పేర్లు మార్చి అతికించేశాను. గీత చక్కగా కలిసిందని ఆవిడ మురిసిపోయారు గాని, ఎలా కలిసిందని అడగలేదు. నేనూ చెప్పలేదు.

నెల తిరక్కుండా ఇంగ్రిడ్ అనే ఆవిడ దగ్గర నుంచి కంప్యూటర్లో ఉత్తరం వచ్చింది. ఆ సంస్థ తరఫున ఫైళ్ళు చదివే మనిషి. "మిగతావన్నీ ఒక చేతి రాతలా ఉన్నాయి, ఈ ఒక్క ఫైలు మరో చేతిలా ఉంది. ఎక్కడిదో చెప్పగలరా?" అంతే రాసింది. జవాబు నేనిస్తానని సామ్రాజ్యం గారితో అన్నాను. నాలుగు రోజులు ఆ ఉత్తరం తెరవడం, మూయడం. పాత కంపెనీవాళ్ళకి తెలిస్తే నా మెడకు చుట్టుకుంటుంది, సంతకం చేసింది ఆవిడ కాబట్టి ముందు ఆవిడ మెడకే చుట్టుకుంటుంది. ఐదో రోజు ఆవిడే అడిగారు.

"ఏమైందయ్యా ఆ జవాబు?"

"మేడం... అది నేను రాసింది కాదండి."

చెప్పేశాను. కింద కొట్టులో ఎవరో మందు డబ్బాల కోసం బేరమాడుతున్నారు, ఆ గోలంతా వినిపిస్తోంది. ఆవిడ చాలాసేపు నా వంక చూడలేదు. "ఇంకో పది పేర్లు మార్చేస్తే ఎవరికీ తెలియదండి" అని కూడా అన్నాను, సిగ్గు లేకుండా. అప్పుడు చూశారు. "నా సంతకం కింద నీ దొంగతనం పెట్టావా? ముప్పై ఏళ్ళల్లో ఒక్క రైతు చేత తప్పుడు గీత గీశావని అనిపించుకోలా. నీ చేత అనిపించుకోవాలా నేను?" గొంతు పెంచలేదు. అరిస్తే బాగుండేది. "ఆ ఇంగ్రిడ్‌కి నువ్వే రాయి. నా పక్కన కూర్చుని రాయి" అన్నారు. నా వంకర ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు రాశాను.

మర్నాడు ఇంగ్రిడ్ ఫోన్ చేసింది. తిట్టలేదు. ఆ ఫైలును వెంటనే తీసేయమంది, పాత కంపెనీకి తమ వకీలే రాస్తాడంది. తర్వాత అసలు మాట చెప్పింది. ఆ ఫైలు చూసినవాడు కొత్తది రాయకూడదు, రాసేవాళ్ళకి ఒక్క మాట అందించకూడదు, అందిస్తే అదీ నకలు కిందే లెక్క. లెక్క తెలిసిన మరో మనిషి మామూలు మాటల్లో చెప్పాలి, ఆ ఫైలు ముఖం చూడని మనిషి కొత్తగా రాయాలి. సంస్థ పెద్దలు మూడు వారాల్లో కూర్చుంటారు. అప్పటికి గీత కలవకపోతే మా ముక్క మొత్తం పక్కన పెట్టేస్తారు. మళ్ళీ ఎప్పుడు చూస్తారో ఇంగ్రిడ్ చెప్పలేకపోయింది.

మా ఆఫీసులో మిగిలింది పద్మ. చీరాలలో నేతపని ఇంటి పిల్ల, కంప్యూటరు చదువు పూర్తి చేసి మా దగ్గర చేరి ఆర్నెల్లు. నా ఫైలు ఎప్పుడూ తెరవలేదు. సామ్రాజ్యం గారు, పద్మ లోపలి గదిలో. నేను బయటి గదిలో, తలుపు మధ్యలో. ఆవిడ చెప్పడం, పద్మ అడగడం అన్నీ వినిపిస్తాయి. "ఈ బారెడు తేడా ఉంది చూశావా, దీన్ని డొంక వైపు తోసెయ్యి. మా ఆఫీసులో అందరం అట్టాగే చేసేవాళ్ళం. డొంక సర్కారుది, దానికి నోరు లేదు. రైతు పొలం వైపు గీత కదిపావంటే తగువు" అని చెప్తున్నారు. డొంకంటే పొలాల మధ్య బండ్లు పోయే దారి.

నేను కుర్చీలోంచి లేచాను. అది తప్పు. ఆ తేడాను అన్ని వైపులకీ, వాటి పొడవును బట్టి కాస్త కాస్త పంచాలి. నేను ఎత్తుకొచ్చిన ఫైలు చేసింది అదే. ఒక్క మాట అంటే చాలు, కాని ఆ మాట అంటే పద్మ రాసే ఫైలుకి కూడా నా మరక అంటుతుంది. పద్మ ఒకసారి మంచినీళ్ళకి బయటికొచ్చి, "శీనన్నా, ఇదేదో తేడాగా లేదూ?" అంది. నేను మెట్లు దిగి కిందికి పారిపోయాను. రోజుకి నాలుగు టీలు తాగుతూ, పురుగుమందుల కొట్టు ముందు బెంచీ మీద పిచ్చివాడిలా కూర్చునేవాణ్ణి.

గడువుకు మూడు రోజుల ముందు, నేను మొదట గొలుసు మోసిన ఆ ఊరి పటం మొత్తం ప్రింటు తీశారు. ప్రతి గీతా కలిసింది. ఆవిడ సంబరానికి అంతు లేదు. ఊళ్ళో చూపించి వద్దామని ముగ్గురం అద్దంకి బస్సెక్కాం. రచ్చబండ మీద పటం పరిచారు. రైతులు ఎవరి చేను వాళ్ళు వెతుక్కుని తలలూపుతున్నారు. అంకమ్మ అని, మొగుడు పోయాక రెండెకరాల పత్తి ఒంటి చేత్తో చేసుకునే మనిషి, పటం మీదికి వంగి వేలు పెట్టింది.

"ఏవమ్మా, మా డొంక ఏదీ?"

"ఇదిగో కదమ్మా" అన్నారు సామ్రాజ్యం గారు.

"ఇదా! దీంట్లో మేక పోద్ది. పత్తి బండి ఎట్టా పోద్ది? మా చేను ఎంతుందో అంతే ఉంది, ఎదర చేను అంతే ఉంది. ఇద్దరం కలిసి డొంకని తినేశామా ఏంది?"

అందరూ నవ్వారు. సామ్రాజ్యం గారు నవ్వలేదు. చేతి వేళ్ళతో ఆ సన్నటి గీత వెంబడి పటం ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళారు. ఒక్కో చేను దగ్గర బారెడు, ఎదర నుంచి ఇంకో బారెడు. "ముప్పై ఏళ్ళు గీశానే ఇట్టా. ఎన్ని ఊళ్ళ డొంకలు తిన్నానో" అన్నారు. సాయంత్రానికి ఒంగోలు తిరిగొచ్చాం. ఆఫీసు మెట్లెక్కుతూనే అలమరలో నుంచి తన పాత సర్వే పుస్తకం తీసి, దుమ్ము దులిపి, పద్మ ముందు పెట్టారు. "నేను చెప్పింది వదిలెయ్. ఈ పుస్తకంలో ఏముందో అది రాయి." పొడవును బట్టి పంచడం అందులో అచ్చయి ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఆ అలమరలోనే ఉంది.

పద్మ రెండు రోజుల్లో రాసింది. గీతలు కలిశాయి, డొంకలో బండి పట్టింది. అప్పుడు ఆవిడ నా వైపు తిరిగారు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసండి."

"నేను డొంక వైపు తొయ్యమన్న రోజునే?"

"ఆ రోజునేనండి."

"మరి ముక్కు మీద కోపం పెట్టుకుని అట్టా ఎట్టా ఊరుకున్నావయ్యా!" అని నా తల మీద చెయ్యి వేశారు. నేను ఏడ్చాను. దాచేదేముంది, వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ ఫైలు పైన ఎవరు రాశారో చెప్పాలి కదా. ఆవిడ చెప్తుంటే పద్మ టైపు చేసింది: ఇది రాసింది పద్మ. లెక్క చెప్పింది సామ్రాజ్యం, మొదట తప్పు చెప్పింది. శీనుకి సరైన లెక్క తెలుసు, చెప్పలేదు, చెప్పకూడదు గనక. ఇలాంటివి ఎవరూ రాయరని ఇంగ్రిడ్ అంది, అయినా ఉంచెయ్యమంది. మా ముక్కను లోపలికి తీసుకున్నారు.

సామ్రాజ్యం గారు పోయి ఎనిమిదేళ్ళు. నేనిప్పుడు అదే సంస్థకి తీరిక దొరికినప్పుడల్లా కొత్తవాళ్ళ ఫైళ్ళు చదివిపెడుతుంటాను. పోయిన ఏడాది ఎవరో, అప్పట్లో పద్మ రాసిన ఫైలులో ఒక లోపం పట్టుకున్నారు. చూడగానే ఎక్కడ దిద్దాలో నాకు తెలిసిపోయింది. రెండు పంక్తులు. చెయ్యి కీబోర్డు మీదకు వెళ్ళింది, వెనక్కి తీసుకున్నాను. చీరాలలో ఉన్న పద్మకి ఫోన్ చేసి, నీ ఫైలులో ఏదో లోపం ఉందట, చూసుకో అన్నాను. "పిల్లల పరీక్షలన్నా, తెలిస్తే నువ్వే దిద్దెయ్. ఇన్నేళ్ళ తర్వాత ఎవరు చూడొచ్చారు?" అంది.

"ఎవరూ చూడరు. నువ్వే దిద్దు" అని పెట్టేశాను. పదకొండు రోజులు పట్టింది పద్మకి. ఆ పదకొండు రోజులూ నేను ఆ ఫైలు తెరవలేదు.