నాన్న కొలతల కోటు

చిన్నమ్మాయి తెలివి గురించి వాళ్ల నాన్న టైలర్ షాపులో ఎవరికీ అనుమానం లేదు. ఓపిక గురించే బెంగ. ఎదుటివాళ్లు మాట పూర్తిచేసేలోపే జవాబు చేతిలో పెట్టేసే రకం.

నాన్నకు చేతుల వణుకు వచ్చాక, ఆయన రాసిన కొలతలు వెనకగదిలో కటింగ్ చేసే పెద్దల్లుడికి అర్థం కాకుండా పోయాయి. "ఇక ఇంటిపట్టున ఉండండి మామయ్యా" అన్నాడతను, మంచి మనసుతోనే. షాపు మానిపిస్తే నాన్న మంచం పడతాడని చిన్నమ్మాయి భయం. ఆఫీసుకు సెలవు పెట్టి మరీ ఆయన కోసం షాపు కంప్యూటర్లో ఓ ప్రోగ్రాం రాసింది. తెర మీద ఛాతీ, నడుము, భుజం, చేతి పొడవు అంటూ గళ్లు. కొలతలు కొట్టి బటన్ నొక్కితే వెనకగదిలో స్లిప్పు వస్తుంది. గళ్లలో నమూనాగా నాన్న కొలతలే వేసి చూసుకుంది. భేషుగ్గా పనిచేసింది. వాటి మీదే కొత్తవి కొట్టుకుంటాడులే అని అలాగే ఉంచేసింది.

తొలి కస్టమర్ తాటిచెట్టంత మనిషి. నాన్న ఒక్కో అంకె వెతుక్కుంటూ కొట్టాడు. తీరా ట్రయల్ రోజున కోటు ఆ మనిషి మోచేతుల దగ్గరే ఆగిపోయింది.

"అమ్మా, నేను సరిగ్గానే..." అని నాన్న మొదలుపెట్టాడో లేదో, "తప్పు కొట్టుంటావు నాన్నా" అనేసింది.

ఆయన మొహం చిన్నబోయింది. "అంతేనేమో. రేపట్నుంచి రానులే" అన్నాడు.

ఆ మాటకు ఆమె ప్రాణం చివుక్కుమంది. కోటు మడతపెట్టబోతుంటే ఆ భుజాల తీరు ఎక్కడో చూసినట్టనిపించి, నాన్నకు తొడిగి చూసింది. అతికినట్టు సరిపోయింది!

పరుగున వెళ్లి ప్రోగ్రాం తెరిచింది. గళ్లలో ఏముందో బటన్ నొక్కినప్పుడు కదా చదవాలి? అదేమో తెర తెరుచుకోగానే నమూనా కొలతలు చదివేసుకుని తీరిగ్గా కూర్చుంది. ఆ తర్వాత పెద్దాయన ఏం కొట్టినా చెవిన పెట్టలేదు. అచ్చం రాసినామె పోలికే, ఎక్కడికి పోతుంది!

సరిచేసి, కస్టమర్ని బతిమాలి కూర్చోబెట్టి, నాన్నను మళ్లీ కుర్చీలోకి పిలిచింది. ఆయన తడుముకుంటూ కొట్టాడు. ఆమె కళ్లప్పగించి చూస్తూ నిలబడింది, ఒక్క మాట అందించలేదు. బటన్ నొక్కాడు.

"స్లిప్పులో అన్నీ సరిగ్గా ఉన్నాయి మామయ్యా, ఆ పొడుగాయన కొలతలే!" అని వెనకగదిలోంచి అల్లుడు కేకేశాడు.

నాన్న కూతురి వైపు తిరిగాడు. "అయితే మొన్న కూడా నేను తప్పు కొట్టలేదు కదమ్మా?"

"లేదు నాన్నా" అంది ఆమె. "నేనే వినలేదు."