తునికాకు కల్లానికి సవరమ్మ కుర్చీ

పర్ణశాల దగ్గరి అడవి పల్లెలో సవరమ్మ కట్టిన, బీడీలు చుట్టే తునికాకు కట్టల్ని, కల్లంలో ఆకు కొనేవాడు ‘చిన్నగున్నయ్’ అంటూ ఏటా సగం డబ్బివ్వకుండా పక్కన పడేసేవాడు. పోలియోతో కాళ్లు పడిపోయిన ఆమె, అక్కడిదాకా వెళ్లి అడగలేక ఊరుకునేది. ఎవరో దానంగా ఇచ్చిన బ్యాటరీ కుర్చీ వాకిట్లో ఇసుకలోనే కూరుకుపోయేది.

ఈ వేసవిలో వెల్డింగ్ పనిచేసే తమ్ముడు యోనా దానికి మోపెడ్ చక్రాలు బిగించాడు. ఇసుక దాటింది! తీరా కల్లం దారిలో వాగు గట్టు ఎక్కబోతే కుర్చీ ముందుభాగం గాల్లోకి లేచింది.

“పడ్తవే అక్కా! ఇగ చాలు, ఇంటికి పోదాం.”

“పోవుడేందిరా? ఎడ్లబండికి ఎనక బరువైతే కాడి లేవదా? నాయిన మూటలు ముందుకు జరిపేటోడు గదా. ఎనకున్న బ్యాటరీలు నా కాళ్ల కిందికి తే, జల్దీ!”

యోనా నవ్వుతూ వాటిని ముందుకు మార్చి బిగించాడు. కుర్చీ బుర్రుమంటూ గట్టు ఎక్కేసింది. సవరమ్మ పెట్టిన కేకకు చెట్ల మీది పిట్టలు లేచిపోయాయి.

కల్లంలో, కొనేవాడు అప్పటికే తీసుకున్న పక్కింటివాళ్ల కట్ట దగ్గర తన కట్ట పెట్టింది. “ఏది చిన్నదో సూపియ్యి సారూ!”

అతను రెండు కట్టల్నీ పక్కపక్కన చూసి, ఆమె కట్టను తీసుకున్నవాటిలో పెట్టాడు. ఆ రోజు ఒక్క కట్టా పక్కన పడలేదు.

మీ ఊళ్లోనూ మూలన పడ్డ ఇలాంటి కుర్చీ ఉంటే, ఈ వారమే ఒక వెల్డర్‌ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లండి. ఎక్కడికి పోవాలని ఉందో ముందు ఆ మనిషినే అడగండి.