వన్స్‌మోర్‌తో ఆగిన నాటకం

మొన్న విజయనగరంలో మా మనవరాలి కాలేజీ పిల్లలు వేసిన నాటకానికి వెళ్ళాను. నాటకం ముప్పావుగంట, దాని మీద చర్చ రెండు గంటలు. తాతల గాయాలు మనవల దాకా ఎలా వస్తాయి, ఊరు వదిలి పారిపోయిన వాళ్ళకు న్యాయం ఎవరు చేస్తారు అంటూ ఒక్కొక్కరూ మైకు పట్టుకుంటే వదలరు. నడుం పట్టేసి, కాఫీ వేళ దాటిపోయి, ఓరి మీ దుంపతెగా, ఈ నాటకం మేమెప్పుడో వేశాం, వేసి పూర్తి కూడా చేయలేకపోయాం అని లోలోపలే విసుక్కున్నాను.

అరవైల చివర అదే ఊళ్ళో బి.ఏ. చదివేవాణ్ణి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాను బాంబులకు బర్మా వదిలి, రంగూన్ నుంచి అడవులు పట్టి నడిచి వచ్చినవాళ్ళు లేని ఊరు మా శ్రీకాకుళం వైపు ఉండేది కాదు. ఆ నడకనే మా తెలుగు లెక్చరరు గారు నాటకంగా రాశారు. ఇద్దరు బిడ్డల్ని మోయలేక, జ్వరంతో కాలిపోతున్న పెద్దదాన్ని దారిలో దించేసి వచ్చిన తల్లి కథ. చివర కోర్టు సీను, అందులో మనవాళ్ళను దారిలో గాలికొదిలేసిన తెల్లదొరల ప్రభుత్వం ముద్దాయి. మీసం మొలవని పాపానికి తల్లి వేషం నా నెత్తిన పడింది. సాంఘిక నాటకంలో పద్యాలేమిటండీ అంటే, పద్యం లేకపోతే మనవాళ్ళు కూర్చోరయ్యా అని, సరిగ్గా బిడ్డను దించే చోట నాలుగు పద్యాలు ఇరికించారు. జడ్జి విగ్గు మీద పెట్టిన శ్రద్ధలో పదోవంతైనా ఆ తల్లి మీద పెట్టలేదు మహానుభావుడు. కోర్టులో ఆవిడను ఒక్క ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

శ్రీముఖలింగం దగ్గర పల్లెలో ఉండే మా మేనత్త అలా నడిచి వచ్చిన మనిషే. రంగూన్‌లో పుట్టిన ఆడపిల్లలిద్దరిలో చిన్నది మాత్రమే ఇల్లు చేరింది. పెద్దది ఏమైందో ఇంటిల్లిపాదికీ తెలుసు, ఎవరమూ అడిగేవాళ్ళం కాదు. నాటకం కబురు ఆవిడ దాకా ఎలా పాకిందో గాని, మా నాన్న వద్దని మొత్తుకున్నా వినక బస్సెక్కి దిగింది. హాస్టలు గుమ్మంలోనే నన్ను నిలదీసింది.

"ఒరే అల్లుడా, ఆ కోర్టులో తల్లికి సిచ్చ ఏస్తారేటిరా?"

అలాంటిదేమీ లేదత్తా అన్నా నమ్మలేదు, తీర్పు చూసే కదులుతానంది.

మన జనానికి వన్స్‌మోర్ పిచ్చి. చచ్చిన రాజును కూడా లేపి, పాడించి, మళ్ళీ చంపితే గాని ఊరుకోరు. నేను పద్యాలు పాడి, గుడ్డలమూటతో చేసిన బిడ్డను దించి రెండడుగులు వేశానో లేదో, హాలంతా వన్స్‌మోర్. ఒళ్ళు మండిపోయింది. బిడ్డను వదిలేసిన తల్లిని ఇంకోసారి వదలమనడానికి వీళ్ళకు నోళ్ళెలా వచ్చాయో! తెర పక్కనుంచి లెక్చరరు గారు కానీ, కానీ అని సైగలు. చేసేది లేక వెనక్కి వచ్చి, మూటనెత్తుకుని మళ్ళీ అందుకున్నాను. పాడి, దించడానికి వంగుతుంటే, ఆడవాళ్ళ వరసలోంచి మా అత్త లేచి నిలబడింది.

"ఒరే, మళ్ళీ ఒగ్గీకురా. ఎత్తుకొని ఎల్లిపో."

బిడ్డను మళ్ళీ వదిలెయ్యొద్దంటోంది. నేను మూటను భుజాన వేసుకుని లోపలికి వచ్చేశాను. వదిలేసిన బిడ్డే లేకపోయాక ఇక కేసేమిటి? విగ్గు పెట్టుకున్న జడ్జి కాసేపు బిక్కమొహం వేసుకుని కూర్చుంటే తెర దించేశారు. ఇన్ని నెలల శ్రమ బూడిదలో పోశావంటూ లెక్చరరు గారు నన్ను కడిగేస్తూ ఉండగానే అత్త లోపలికి వచ్చి, నా భుజం మీది మూటను అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. తీర్పు చూడకుండానే అయిపోయిందే అత్తా అన్నాను.

"పిల్లనెత్తుకున్నాక మరింక కోర్టేటిరా" అంది.

ఇప్పటి ప్రేక్షకులు బుద్ధిమంతులు. మధ్యలో నోరెత్తరు, పద్ధతిగా చప్పట్లు కొడతారు, తర్వాత నాకంటే బాగా మాట్లాడతారు. మావాళ్ళ మోటుతనం మీద అప్పుడున్న కోపం నాకింకా తగ్గలేదు, నిజమే. కానీ స్టేజీ మీద ఒక తల్లి బిడ్డను దించేస్తుంటే, వద్దు, ఎత్తుకో అని లేచే మనిషి ఇప్పుడు ఏ వరసలోనూ కనబడడం లేదు.