అవ్వతో కలిసి కరుణక్క క్యాంపుకు

జన్నారం దారిలో ఉన్న మామిడితోట క్యాంపుకు ఎలా వెళ్లాలి, ముసలివాళ్లను తీసుకువెళ్లవచ్చా అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. అది చర్చి పిల్లల కోసం మే నెలలో పది రోజులు నడిచే వేసవి క్యాంపు. అరవై తొమ్మిదిలో ఒక పాస్టరు అయ్యగారు నాలుగు టార్పాలిన్లు కట్టి మొదలుపెట్టారట. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సంఘాల నుంచి పిల్లలు వచ్చేవారు. మా అక్క కరుణ చిన్నప్పటి నుంచీ ఏటా వెళ్లేది, పెద్దయ్యాక ఆడపిల్లల బాధ్యత తనే చూసేది. నేను మాత్రం వెళ్లలేదు. మొదటిసారి వెళ్లింది తొంభై మూడులో, మా అవ్వను, అంటే అమ్మను, వెంటబెట్టుకుని. అప్పటికి అక్క లేదు. ఆరేళ్ల ముందు వానాకాలంలో కామెర్లు వచ్చి, పది రోజులు తిరక్కుండానే పోయింది. అప్పటికి తనకు ఇరవై మూడేళ్లు.

ఆ క్యాంపులో ఒక ఆనవాయితీ ఉంది. ఆఖరి రోజు మధ్యాహ్నం, తమతో గడిపి ప్రభువు సన్నిధికి వెళ్లిపోయిన వాళ్లను అందరూ తలచుకుంటారు. అక్క స్నేహితురాలు స్వరూప ఏటా మా ఇంటికి వచ్చి పిలిచేది. అవ్వ ఏటా "వచ్చే యేడు సూద్దాం తియ్యి" అనేది. మా అవ్వ దేవమ్మ కరీంనగర్‌లో జాకెట్లు కుట్టేది. అక్క పోయాక మిషన్ ఆగలేదు గానీ, అక్క పేరు మాత్రం ఆమె నోట రాలేదు. "అది" అనేది, "పెద్దది" అనేది, అంతే. ఆ యేడు స్వరూప తెలివిగా ఒక తాను గుడ్డ తెచ్చింది. ప్రార్థన పందిరికి పరదాలు కావాలంది. అవ్వ కుట్టింది, ఇస్త్రీ చేసింది, మడత పెట్టింది. తర్వాత నాతో అంది: "నేనే పోయి కట్టొస్త. వీళ్లకిస్తె వంకర కడ్తరు. పొద్దుమూకే వరకు వచ్చేద్దాం." సరే అన్నాను. బడికి సెలవులే. నేను అప్పట్లో టీచరుగా చేస్తున్నాను.

పొద్దున ఆరింటికి కరీంనగర్ బస్టాండులో పెద్దపల్లి బస్సు ఎక్కాం. ఇప్పుడు మంచిర్యాలకు నేరుగా బస్సులున్నాయి, కానీ మీకు తీరిక ఉంటే పెద్దపల్లిలో దిగి రైలు పట్టుకోవడమే మేలు. సుల్తానాబాద్ దాటాక రోడ్డుకు రెండువైపులా కోసేసిన వరిమళ్లు, కల్లాల మీద ఇంకా ఎత్తని వడ్ల కుప్పలు. గంటన్నరలో పెద్దపల్లి చేరాం. బల్లార్షా వైపు వెళ్లే ప్యాసింజర్ కొంత ఆలస్యంగా వచ్చింది. అప్పట్లో ఇద్దరికీ బస్సులూ రైలూ కలిపి ఒకవైపు ముప్పై రూపాయల లోపే అయింది. బండిలో కూర్చోగానే అవ్వ జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం విప్పింది. ఎదురుగా నస్పూర్‌కు వెళ్తున్న ఒక బొగ్గుగని కార్మికుడి భార్య కూర్చుంది. అవ్వ ఆమెకు రొట్టె ఇచ్చింది. ఇస్తూనే జాకెట్ వంక చూసి, "భుజం కాడ గుంజుతుంది కదా బిడ్డా. ఎవలు కుట్టిండ్రు?" అని అడిగింది. ఆమె సిగ్గుపడి కొంగు కప్పుకుంది. నేను కిటికీ వైపు తిరిగాను.

రామగుండం పొగగొట్టాలు దాటాక గోదావరి వంతెన వచ్చింది. ఎండాకాలం కదా, ఇసుక మధ్యలో సన్నటి పాయలు. నీళ్లను చూస్తూ అవ్వ ఉన్నట్టుండి అడిగింది.

"సుగుణా, అది ఇంట్ల ఎన్నడన్న నవ్వంగ సూసినవా?"

ఎవరి గురించో నాకు తెలుసు. ఆలోచించి, "నవ్వేది కదనే, మెల్లగ" అన్నాను.

"నేనైతే సూడలే. పొద్దుందాక నా పక్కన కూసొని హుక్కులు కుట్టింది. నేను కసిరేది, అది వినేది. ఇరవై మూడేండ్లు దాని బతుకు గంతేనాయె."

ఆమె క్యాంపుకు ఇన్నేళ్లూ ఎందుకు రానన్నదో నాకప్పుడు అర్థమైంది. అక్కడ అందరూ అక్క గురించి మంచి మాటలు చెబుతారు. ఆ మంచి పిల్లను తాను నవ్వనివ్వలేదన్న బాధ మోస్తూ అవి వినాలి. మా ఇంట్లో అక్క గొంతు నిజంగానే తక్కువ వినిపించేది.

మంచిర్యాల స్టేషన్ నుంచి బస్టాండుకు రిక్షాలో వెళ్లి, లక్షెట్టిపేట మీదుగా జన్నారం వెళ్లే బస్సు ఎక్కాం. కిటికీ పక్క సీటు దొరికితే వదలకండి. దండేపల్లి దాటాక టేకుచెట్లు మొదలవుతాయి. మేలో ఆకులన్నీ రాలి మోడులై ఉంటాయి గానీ గాలి మాత్రం వేరుగా ఉంటుంది. జన్నారం ఇంకా రాకముందే క్యాంపు స్టేజీ దగ్గర దిగాలి. అక్కడి నుంచి కాలువ గట్టు వెంట మూడు కిలోమీటర్లు. చింతచెట్టు కింద ఒక జీపు ఉంది. డ్రైవరు మా సంచి చూసి అడిగాడు.

"పాటల తోటకా అవ్వా?"

"పాటల తోటేంది?"

"ఎండకాలమొస్తె పిల్లగాండ్లు పొద్దుమాపు పాటలు పాడుతనే ఉంటరు. మా ఊళ్లె గట్లనే అంటం. ఇయ్యాల ఆఖరి దినం, రేపటి సంది మాకు సుత పరేషానే, సప్పుడుండది. ఇరవై ఇయ్యుండ్రి, తోలుతా."

"ఇరవై రూపాలకు కరీంనగర్ సగం దూరం పోవచ్చు. పది."

"జీపు మొత్తం మీ ఇద్దరికే కదనే!"

"ఇంకిద్దర్ని ఎక్కించుకో, నేనొద్దన్ననా?"

అతను తల గోక్కుని పన్నెండుకు దిగి వచ్చాడు.

మేం చేరేసరికి భోజనాల వేళ. స్వరూప పరుగెత్తుకొచ్చి, "వందనాలు పెద్దమ్మా! వచ్చినవా!" అని అవ్వ రెండు చేతులూ పట్టుకుంది. అవ్వ పరదాల సంచి చూపించి, "గీటికోసం వచ్చిన" అంది. తోటలో రాలిన కాయలతో చేసిన మామిడికాయ పప్పు, అన్నం, మజ్జిగ పెట్టారు. వంట చేసే ఐలయ్య అవ్వ విస్తరి చూసి, "అవ్వా, ఇంత సుత తినకపోతె ఎట్ల? జర పప్పేస్త" అని గరిటెతో వచ్చాడు. ఆ పప్పు రుచి నాకిప్పటికీ గుర్తుంది. అవ్వ మాత్రం సగం తిని లేచి, పందిట్లోకి వెళ్లి పరదాలు కట్టడం మొదలుపెట్టింది.

ఎండ కాస్త వాలాక అందరూ అదే పందిట్లో చేరారు. పిల్లలు ముందు, పాత క్యాంపు వాళ్లు వెనక. స్వరూప రమ్మంది. "మీరు కానియ్యుండ్రి, నాకు అంచులు సరిచేసేదుంది" అని అవ్వ చివర స్తంభం దగ్గరే సూదీదారం పట్టుకుని కూర్చుంది.

క్యాంపు నడిపే అయ్యగారు ప్రార్థన చేసి పిల్లలకు నియమం చెప్పారు. "వాళ్లు ఎట్ల పోయిండ్రో ఎవలూ చెప్పొద్దు. ఈడ ఎట్ల ఉండిండ్రో అదొక్కటే చెప్పాలె."

మొదట క్యాంపు పెట్టిన పెద్దయ్యగారిని తలచుకున్నారు. పిల్లలకు ఈత నేర్పుతానని కాలువలో దూకి కళ్లజోడు పోగొట్టుకుని, ఆ సాయంత్రం బైబిల్ తలకిందులుగా పట్టుకుని చదివినట్టు నటించారట. తర్వాత ఐలయ్య కంటే ముందు వంట చేసిన ఎల్లమ్మ. ఇంట్లో తిండి సరిగా లేని పిల్లలు ఎవరో చూడగానే పసిగట్టి, వాళ్లు రెండోసారి వరసలో వస్తే, "నువ్వింకా తినలేదా?" అని ఆశ్చర్యపోయి మళ్లీ పెట్టేదట. ఒకాయన ఇది చెబుతూ, "నేను గా వరుసల మూడుసార్లు నిలవడ్డ" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడు స్వరూప లేచింది. "కరుణ" అంది. అవ్వ చేతిలో సూది ఆగిపోయింది.

"ఆఖరి దినం మేం నాటకాలేసేది. అన్నిటి కంటే కరుణ నాటకానికే అందరం ఎదురుచూసేది. ఏటా ఒక్కటే నాటకం. కుట్టుమిషన్ అవ్వ." వెనక కూర్చున్న పాత వాళ్లంతా ఒక్కసారి గొల్లుమన్నారు. నేను అవ్వ వైపు చూశాను.

స్వరూప చేతిసంచిలోంచి కొలతల టేపు తీసి మెడలో వేసుకుంది, పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకున్నట్టు మూతి బిగించింది. ఎదురుగా ఉన్న పిల్లకు కొలత తీస్తున్నట్టు చేస్తూ, పళ్ల సందుల్లోంచి అంది: "పొట్ట లోపటికి గుంజకు బిడ్డా. జాకెట్ ఏసుకున్నంక అన్నం తిననే తినవా?" పందిరి నవ్వుతో నిండిపోయింది. "పీసు నువ్వు తక్కువ తెచ్చి, తప్పు నా కత్తెరదంటవా?" ఆ మాటలు, ఆ విరుపు, చెయ్యి తిప్పడం, అచ్చం మా అవ్వ. నాకు నవ్వాగలేదు. ఇంట్లో తల వంచుకుని హుక్కులు కుట్టిన అక్క ఇవన్నీ మూటగట్టుకుని ఏటా ఇక్కడికి తెచ్చిందన్నమాట.

స్వరూప ఒక్కసారిగా ఆగిపోయింది.

"తర్వాత?" స్తంభం దగ్గర నుంచి అవ్వ గొంతు.

"తర్వాత నువ్వు కరుణను పిలుస్తవు పెద్దమ్మా. గది నాతోని అయితలేదు."

అవ్వ లేచింది. ముందుకు నడిచి వచ్చి స్వరూప మెడలోంచి టేపు తీసుకుని తన మెడలో వేసుకుంది. "సూదులు గట్ల పెట్టుకోరు. ఎడమ దిక్కు పెట్టుకుంటరు" అని మూతి ఒక పక్కకు బిగించింది. నేల మీద, బల్ల మీద, పిల్లల వెనకాల వెతికింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, మా వీధి చివరిదాకా వినిపించే ఆ పాత గొంతుతో కేకేసింది.

"కరుణా! ఓ కరుణా! నా టేపు ఏడ వెట్టినవే?"

పాత క్యాంపు వాళ్లందరూ ఒక్క గొంతుతో అరిచారు. "నీ మెడలనే ఉంది అవ్వా!"

అవ్వ మెడలోని టేపు చూసుకుంది. నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే స్వరూప భుజం మీద కొట్టింది. "నన్ను గింత ఆగం చేసిందా గది! గింతమంది ముంగట!" అంది. ఆ కోపంలో ఎంత గర్వముందో చెప్పలేను. పిల్లలు మళ్లీ చెయ్యమన్నారు. ఆమె మళ్లీ చేసింది.

సాయంత్రం రైలుకు తిరిగి రావాలనుకున్నాం, రాలేదు. పాత వాళ్లు ఒక్కొక్కరే వచ్చి అవ్వ పక్కన కూర్చుని అక్క చేసిన అల్లరి చెప్పారు. అవ్వ ప్రతిదానికీ, "ఇంకేం చేసింది?" అంది. మర్నాడు రైల్లో నాకు తెలిసిన సంగతులే నాకు మళ్లీ చెప్పింది, ప్రతి రెండో మాటకూ కరుణ అంటూ. ఆ తర్వాత తాను నడవగలిగినన్నాళ్లూ ఏ వేసవీ క్యాంపు మానలేదు.

పోయినవాళ్లు మనకు పూర్తిగా తెలుసనుకుంటాం, ముఖ్యంగా ఒకే గదిలో బతికితే. కానీ వాళ్ల బతుకులో కొంత భాగం ఎప్పుడూ వేరేవాళ్ల దగ్గర ఉంటుంది. అడగడానికి వెళితేనే అది మనకు దక్కుతుంది. అవ్వ ఆ రోజు తెచ్చుకున్నది ఓదార్పు అనుకోను. ఇరవై మూడేళ్లు తన పక్కనే కూర్చుని లోలోపల నవ్వుకున్న కూతుర్ని తెచ్చుకుంది.

మీరు వెళ్లాలనుకుంటే ఒక్క మాట. పెద్దవాళ్లను తీసుకువెళ్తే తిరుగు టికెట్ అదే సాయంత్రానికి పెట్టుకోకండి, ఒక దుప్పటి సంచిలో పడేసుకుని మర్నాటికి పెట్టుకోండి. మాటలు మొదలయ్యాక ఎవరూ లేవరు.